శాకాహారికి రాకూడని పురుగు

మా విభాగంలో మధ్యాహ్నం భోజనాలకి కూర్చుంటే పెద్దాయన ముందుకి మొట్టమొదట వచ్చేది పచ్చి ముల్లంగి పళ్ళెం. ముల్లంగి చక్రాలు, క్యారట్ ముక్కలు, కీరా, పైన బోలెడు కొత్తిమీర, నిమ్మరసం. ఆయన వాటిని కరకరా నములుతూ మూర్ఛవ్యాధి గురించి సెలవిస్తుంటే మేం చుట్టూ కూర్చుని వినాలి. తన టిఫిన్ డబ్బా వంక చూసినవాళ్ళకి పరిశోధన మీద శ్రద్ధ లేనట్టు లెక్క.

ఇప్పటి పిల్లలు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న, "మేడమ్, మీవి ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి?" పెళ్ళిచూపుల్లో జీతం అడిగినట్టు అడుగుతారు. అచ్చయినవాటి గురించి చెప్పడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. నా పేరు నేనే పట్టుబట్టి కొట్టేయించుకున్న పేపరు ఒకటుంది. దాని గురించైతే చెబుతాను. తొంభైల్లో ఢిల్లీలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో, నరాల జబ్బుల విభాగంలో పనిచేస్తున్నప్పటి సంగతి. ఎవరి పేర్లూ రాయను. వాళ్ళ మీద గౌరవం కొద్దీ కాదు. తమ పేరు అచ్చులో చూసుకోవడమంటే వాళ్ళకి మహా సరదా, ఆ సరదా నా చేతుల మీదుగా తీర్చడం నాకిష్టం లేదు.

పెద్దాయనంటే మా విభాగాధిపతి. మూర్ఛ మీద ఆయన పేపరు పడని వైద్య పత్రిక లేదని అనేవారు. అనేవారంటే, ఆయనే అనేవారు. పేపరు ఎవరు రాసినా మొదటి పేరు ఆయనది. అది మా విభాగంలో ఆచారం. రెండో పేరు మా సీనియర్ ఒకాయనది. ఆయన్ని మేం చాటుగా 'రెండో పేరాయన' అని పిలుచుకునేవాళ్ళం. పెద్దాయన ఏమన్నా "బిల్‌కుల్ సార్" అని తలూపడం ఆయన వృత్తి. రోగుల్ని నిజంగా చూసిన మాబోటివాళ్ళ పేర్లు మూడో చోటు నుంచి మొదలయ్యేవి.

పెద్దాయన కీర్తికంతా మూలం ఒక సిద్ధాంతం. అది అర్థం కావాలంటే కొంచెం వైద్యం చెప్పాలి. ఓపిక పట్టండి. ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చినవాళ్ళ తలకి స్కాన్ తీస్తే మన దేశంలో చాలామందికి మెదడులో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనబడుతుంది. అది టీబీ గడ్డ కావచ్చు. పందిమాంసంతో వచ్చే బద్దెపురుగు పిల్ల ఒకటి అక్కడ చేరి చస్తూ ఉండవచ్చు. అరుదుగా ట్యూమరూ కావచ్చు. స్కాన్‌లో మూడూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మరి తేల్చడం ఎలా? ప్రపంచమంతా తల పట్టుకుంటున్న ఈ చిక్కుని మా పెద్దాయన ఒక్క ప్రశ్నతో విడగొట్టేశారు. రోగి కుర్చీలో కూర్చోగానే అడిగేవారు, "వెజ్ యా నాన్‌వెజ్?"

వెజ్ అంటే టీబీ. నాన్‌వెజ్ అంటే పురుగు. పేపర్ల మీద పేపర్లు దీని మీదే వచ్చాయి. ఫిట్స్ ఎప్పుడొచ్చాయో, ఏ చేయి కొట్టుకుందో తర్వాత అడిగేవాళ్ళం. కొందరు భయపడి, ఏకాదశి ఉపవాసాలతో సహా చెప్పేవారు.

శుద్ధ తప్పు అది. పందిమాంసం సరిగా ఉడక్కుండా తిన్నవాడి కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ పురుగు గుడ్లు వాడి మలంలో బయటికి వస్తాయి. మురికినీళ్ళు పారే పొలాల్లో కూరగాయలకి అంటుకుంటాయి. వాటిని సరిగా కడక్కుండా పచ్చిగా తిన్నవాళ్ళ కడుపులోకి పోయి, అక్కడ పిల్లలై, రక్తంలో కలిసి, మెదడు దాకా పోతాయి. తినేవాడు తన కులం, గోత్రం, మడీ చెబితే ఆగవు. నేనుండే మయూర్ విహార్ పక్కనే యమున ఒడ్డున ముల్లంగి పొలాలుండేవి. వాటికి ఏ నీళ్ళు పెడుతున్నారో బస్సులోంచి చూసినా తెలిసేది, చూడక్కర్లేకుండా ముక్కుకీ తెలిసేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఇదంతా పెద్దాయనకి విన్నవించుకున్నాను. ఆయన నమలడం ఆపి నావంక జాలిగా చూశారు.

"డాక్టర్ సాహిబా, మా అమ్మ బతికున్నన్నాళ్ళూ మా ఇంటి గడప లోపలికి గుడ్డు రానివ్వలేదు."

"ఈ గుడ్డు అమ్మగారిని అడిగి రాదు సార్."

రెండో పేరాయన నన్ను మింగేసేలా చూసి, పళ్ళెంలో మరో గుప్పెడు ముల్లంగి వేసి పెద్దాయన ముందుకి జరిపాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడికి నాలుగో కాలు చూపిస్తే ఏమవుతుంది? దాన్ని నరికేసి, ఇప్పుడు లెక్కపెట్టమంటాడు. అదే చేశారు. శాకాహారుల్లో పురుగు అనుమానం ఉన్న కేసుల్ని పేపర్లలో చేర్చకూడదని ఆ వారమే హుకుం వేశారు.

అలాంటి రోజుల్లో వచ్చింది టీచరమ్మ. మన తెలుగావిడే, ఏలూరు వైపు. ఢిల్లీలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్త కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్. మయూర్ విహార్‌లోనే కాపురం కాబట్టి బస్‌స్టాపులో ముఖపరిచయం ఉండేది. క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తుండగా సుద్దముక్క పట్టుకున్న కుడిచెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఆవిడ పడిపోయిందట. స్కూలు సిబ్బంది పరుగున వచ్చి ముక్కు దగ్గర బూటు పెట్టారు. మూర్ఛకి ఈ బూటు వైద్యం ఉత్తరాదిన చదువుకున్నవాళ్ళూ చేస్తారు. మనవైపు తాళాలగుత్తి చేతిలో పెడతాం కనుక మనమేదో గొప్పవాళ్ళమనుకోనక్కర్లేదు.

స్కాన్‌లో ఎడమవైపు, సరిగ్గా కుడిచేతిని ఆడించే చోట, ఆ ఉంగరం కనబడింది. పెద్దాయన అడగవలసిన ప్రశ్న అడిగారు. ఆవిడ "ప్యూర్ వెజ్ సార్" అంది. అంతే, టీబీ అయిపోయింది. ఫిట్స్ మాత్రలతో పాటు టీబీ మాత్రలు కూడా గుప్పెళ్ళతో మొదలుపెట్టారు. కొన్ని వారాలకే వాంతులు, నీరసం, కళ్ళు పసుపుపచ్చ. లివర్ దెబ్బతింటోంది. టీబీ మాత్రలు ఆపక తప్పలేదు. ఫిట్స్ మాత్ర ఒక్కటీ వేసుకుంటూ ఇంటికి వెళ్ళింది. ఆ తర్వాత ఒక్క ఫిట్ కూడా రాలేదు.

ఇంతటితో వదిలేసి ఉంటే నాకీ కథ లేదు. కానీ ఆ చలికాలంలో పెద్దాయన ఒక మహాసభలో ప్రసంగించాలి. అంతకుముందు సభలో ఎవరో లేచి, "ఇవి టీబీయేనని చెబుతున్నారు, ముక్క తీసి పరీక్ష చేశారా?" అని అడిగారట. తేలు కుట్టిన దొంగలా దిగొచ్చారు. ఇప్పుడాయనకి ముక్క కావాలి. ఆ ముక్క టీచరమ్మ తలలో ఉంది. ఆవిణ్ణి పిలిపించి మళ్ళీ వార్డులో చేర్చుకున్నారు.

"మాత్రలు పడట్లేదు. పురుగు కాదని మనకి తెలుసు. ట్యూమరైతే? ఆపరేషన్ చేసి తీసేద్దాం, చిన్నదే కదా," అన్నారు రౌండ్లలో.

"బిల్‌కుల్ సార్," అన్నాడు రెండో పేరాయన. తల ఆయనది కాదు కదా.

చిన్నదే. ఎటొచ్చీ కుడిచేతిని ఆడించే చోట ఉంది. చెయ్యి బలహీనపడవచ్చు, మాట తడబడవచ్చు అని చెప్పి సంతకం తీసుకున్నారు. "మళ్ళీ బోర్డు మీద రాయగలనా అండీ?" అని ఆవిడ అడిగింది. పెద్దాయన అప్పటికే పక్క మంచానికి వెళ్ళిపోయారు.

నేను ఆగలేకపోయాను. మొగుణ్ణీ పెళ్ళాన్నీ కారిడార్ చివర కూర్చోబెట్టి విషయం చెప్పాను. ఇది పురుగు కావచ్చు, ఫిట్స్ ఆగాయంటే చచ్చి కరిగిపోతూ ఉండవచ్చు, మళ్ళీ ఒక స్కాన్ తీయకుండా తల తెరవనివ్వకండి అన్నాను.

భర్త ముఖం కందగడ్డయింది. "ఏం పురుగండీ?"

"బద్దెపురుగు. పందిమాంసంతో..."

"డాక్టర్‌గారూ!" ఆయన లేచి నిలబడ్డాడు. "మా ఇంటావంటా నీచు లేదు. మా అమ్మ హోటల్లో కాఫీ కూడా తాగదు. మీరు తెలుగువాళ్ళని మర్యాదకి కూర్చుంటే, మా ఆవిడ తలలో పంది పురుగంటారా?"

గుడ్ల సంగతి, కూరగాయల సంగతి మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన గొంతు తగ్గించి, "ఇది మా అమ్మ చెవిన పడితే ఈవిడ్ని వంటింట్లోకి రానివ్వదు. ట్యూమరంటే పోనీ నలుగురికీ చెప్పుకోగలం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చెప్పుకోవడానికి బాగుంటుందని పెళ్ళాం తల కోయిస్తారా అండీ?" అన్నాను. అనకూడదేమో. ఇప్పుడైనా అదే అంటాను.

టీచరమ్మ నావైపు తిరిగింది. "పురుగైతే చచ్చిపోతుందా డాక్టర్‌గారూ, దానంతటదే?" అని అడిగింది.

"చాలామందిలో పోతుంది. మీకు పోయిందో లేదో స్కాన్ చూస్తేగానీ తెలియదు."

"మరి ఆ స్కానేదో తీయించండి," అంది భర్తతో. ఆయన ప్రొఫెసర్‌గారిని అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. పెద్దాయన, "కొత్త ఫోటో ఎందుకు? పాతది బాగానే వచ్చింది కదా," అన్నారట. ఆయన మాటలే ఇవి, నేను కల్పించలేదు. మహాసభ దగ్గరపడుతోంది, ఆ కొత్త ఫోటోలో ముక్క లేకపోతే ఆయన గతేం కాను?

ఇక మిగిలింది సర్జన్. హర్యానా మనిషి, మొరటు. పేపర్లు రాయడు, చదువుతాడో లేదో తెలియదు. నాకూ ఆయనకీ మాటల్లేవు, ఎప్పుడో లిఫ్టు దగ్గర పోట్లాడుకున్నాం. ఆపరేషన్ ముందురోజు వెళ్ళి, "సార్, రేపు మీరు తెరవబోయే తలకి స్కాన్ తీసి చాలా కాలమైంది. తెరిచాక అక్కడ ఏమీ లేకపోతే నింద మీది, పేపరు ఆయనది," అన్నాను. సిద్ధాంతాలేవీ ఎత్తలేదు. సర్జన్‌కి నింద అనే మాట బాగా అర్థమవుతుంది. ఫిల్మ్ మీది తేదీ చూసి ఒక పచ్చి హర్యానా బూతు తిట్టి, పొద్దున్నే ముందు స్కాన్‌కి తీసుకెళ్ళమని చీటీ రాశాడు.

మర్నాడు పొద్దున్న నేను వార్డుకి వెళ్ళేసరికి టీచరమ్మకి గుండు చేసేశారు. స్కాన్ సంగతి మంగలికి ఎవరూ చెప్పలేదు. నడుం దాటే జుట్టు ఆవిడది. నన్ను చూసి నవ్వబోయి, "తిరుపతిలో ఇచ్చాననుకుంటాలెండి," అంది. కళ్ళనిండా నీళ్ళు. నేను ట్రాలీ పట్టుకుని స్కాన్ గదిదాకా కూడా నడిచాను.

రంగుమందు ఎక్కించి తీశారు. ఒక్కో ముక్కచిత్రం తెర మీదికి వచ్చింది. ఉంగరం ఉండవలసిన చోట ఉంగరం లేదు. చిన్న తెల్లచుక్క ఒకటి మిగిలింది, అది చచ్చిన పురుగు సమాధి. సర్జన్ వచ్చి చూసి, "ఇందులో నేనేం కోయాలి?" అని వెళ్ళిపోయాడు. నేను టీచరమ్మ చెయ్యి పట్టుకుని చెబితే, ఆవిడ ముందు ఆ కుడిచేతి వేళ్ళు ఒకసారి ముడిచి విప్పి చూసుకుంది. తర్వాత భోరుమంది. నేనూ ఏడ్చాను. స్కాన్ గదిలో ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు.

పెద్దాయన ముఖం చూద్దామని నాకు మహా ఉబలాటంగా ఉండింది. ఫిల్మ్ అందుకున్నారు. వెలుగుకి ఎత్తి పట్టి చాలాసేపు చూశారు. ముఖం వాడుతుందని నేను ఎదురుచూస్తుంటే, వెలిగింది!

"దేఖా?" అన్నారు అందరివంకా తిరిగి. "టీబీ మందు పనిచేసింది. కొద్ది వారాలకే పనిచేసింది! ఇన్నాళ్ళూ మనం అనవసరంగా నెలల తరబడి ఇస్తున్నాం!"

నవ్విపోదురు గాక నాకేటి సిగ్గు అన్నట్టు, ఓటమిని అక్కడికక్కడే కొత్త సిద్ధాంతం చేసేశారు. టీచరమ్మ కళ్ళు పచ్చబడేదాకా ఎన్ని వారాలు మాత్రలు మింగిందో, అన్ని వారాలే ఇక శాకాహారులకి సరైన కోర్సు. మరి కళ్ళు పచ్చబడటం మాటేమిటి? "కోర్సు పూర్తయ్యేదాకా ఓర్చుకోదగ్గ దుష్ఫలితం" అని పేపర్లో రాశారు. రెండో పేరాయన ఆ సాయంత్రమే మిఠాయిలు తెప్పించాడు. నేను ముట్టలేదు.

డిశ్చార్జి కాగితం మీద 'పురుగు కావచ్చు' అని నేను రాస్తే టీచరమ్మ భర్త పరిగెత్తుకొచ్చాడు. "మీకు దణ్ణం పెడతానండీ, టీబీ అనే ఉంచండి. ప్రొఫెసర్‌గారు కూడా అదే అంటున్నారు." పెళ్ళాం తల దక్కిందన్న సంతోషం కన్నా ఆ ఒక్క మాట కొట్టించాలన్న ఆత్రమే ఎక్కువగా కనబడింది ఆ మహానుభావుడిలో. నేను కొట్టేయనన్నాను. పెద్దాయన ఇంకో కాగితం రాయించి ఇచ్చారు. పేపరు తయారైంది. మూడో పేరు నాది. తీసేయమన్నాను. "కెరీర్ పాడుచేసుకుంటున్నావు," అన్నాడు రెండో పేరాయన. కందకు లేని దురద కత్తిపీటకెందుకో. ఆ ఏడాది చివర నా ఉద్యోగం పొడిగించలేదు. నేను ఘాజియాబాద్‌లో ఒక నర్సింగ్ హోంలో చేరాను. ముల్లంగి పళ్ళేలు తప్పినందుకు సంతోషించాను కూడా.

కొన్నేళ్ళు గడిచాయి. ఆ నర్సింగ్ హోంలో కర్నూలు కుర్రాడొకడు కొత్తగా చేరాడు. మంచి చదువరి, వినయం కలవాడు. ఒకరోజు ఫరీదాబాద్‌లో తను విడిగా చూస్తున్న ఒక పిల్ల గురించి సలహా అడిగాడు. ఇంటర్ చదువుతోంది, జైనుల ఇంటి అమ్మాయి, ఫిట్స్, స్కాన్‌లో ఉంగరం. టీబీ మాత్రలు ఇస్తున్నాడు. కళ్ళు పచ్చబడ్డాయి, వాంతులు.

"పచ్చబడ్డాక ఇంకా ఇస్తున్నావా?" అన్నాను.

"ఇంక పదిరోజులే మేడమ్. కోర్సు అయిపోతుంది. శాకాహారుల్లో ఓర్చుకోదగ్గదే అని పేపర్ ఉంది కదా. ఆ కేసులో ఆవిడకి పూర్తిగా నయమైంది." అని పెద్దాయన పేరు చెప్పాడు, భక్తిగా.

"ఒరేయ్ అబ్బాయ్, ఆవిణ్ణి నేను చూశాను. కళ్ళు పచ్చబడగానే మాత్రలు ఆపాం. ఆవిడది టీబీ కాదు, పురుగు. దానంతటదే పోయింది. ఈ పిల్లకి ఆపకపోతే లివర్ పోయి చస్తుంది!"

వాడు ఇబ్బందిగా చూశాడు. "కానీ మేడమ్, పేపర్లో అలా లేదు."

వాణ్ణి ఏమని తిట్టను? అచ్చులో ఉన్నది నమ్మమనే కదా మేం నేర్పాం. నా నోటిమాట ఎంత, మహామహుడి మొదటి పేరెంత! చివరికి టీచరమ్మకి ఫోన్ చేసి, ఒక కుర్రాడికి మీ సంగతి మీరే చెప్పాలి, వీలవుతుందా అని అడిగాను. రమ్మంది. అప్పటికప్పుడు ఆటోలో వాణ్ణి మయూర్ విహార్ లాక్కెళ్ళాను.

హాల్లో అందరూ ఉన్నారు. భర్త సోఫాలో, అత్తగారు జపమాలతో కుర్చీలో. టీచరమ్మ జుట్టు మళ్ళీ భుజాలు దాటింది. కుర్రాడు అడగవలసింది అడగ్గానే భర్త అందుకున్నాడు.

"టీబీయే నాయనా. అంత పెద్ద ప్రొఫెసర్‌గారు రాశారుగా. మందులతోనే తగ్గింది."

కుర్రాడు నావంక చూశాడు, చూశారా మేడమ్ అన్నట్టు. టీచరమ్మ మొగుడివంక చూడలేదు.

"ఆ పిల్లకి ఎన్నేళ్ళు బాబూ?" అంది.

"పదిహేడండీ."

"కళ్ళు బాగా పచ్చబడ్డాయా? అన్నం వాసన పడట్లేదా?"

"అవునండీ."

ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యగారూ, నాకు టీబీ రాలేదు. నా తలలో ఉన్నది పంది పురుగు. మీ అబ్బాయి మీకు భయపడి టీబీ అని రాయించుకున్నారు."

జపమాల ఆగిపోయింది. "రామ రామ! ఇన్నేళ్ళూ నా వంట..." అంటూ ముసలావిడ లేవబోయింది. భర్త "ఏయ్, నీకేమైనా మతి పోయిందా?" అని అరిచాడు.

"వంట సంగతి తర్వాత చూసుకుందాం," అంది టీచరమ్మ. మూలనున్న టెలిఫోన్‌ని తీగతో సహా తెచ్చి కుర్రాడి ఒళ్ళో పెట్టింది. "బాబూ, ముందు ఆ పిల్ల వాళ్ళింటికి ఫోన్ చెయ్యి. రాత్రికి వేసుకోవలసిన మాత్రలు వేసుకోవద్దని చెప్పు."

వాడు నంబరు తిప్పాడు.